ప్రొప్రయిటరుగారి వయసు ఇరవైరెండు

అండమాన్‌లోని మన గరాచర్మలో ఇప్పుడు ఇల్లు కట్టించుకోవడం మహా తేలిక. ఇసుక దొరకదు, కంకర దొరకదు, ఎండాకాలం నీళ్లు దొరకవు, ఓడ ఆలస్యమైతే సిమెంటు దొరకదు, సంక్రాంతికి ఊరెళ్లిన మేస్త్రీ శివరాత్రి దాకా దొరకడు. బిల్డర్లు మాత్రం ఎప్పుడంటే అప్పుడు దొరుకుతారు. అందులోనూ కుర్ర బిల్డర్లు. మూతి మీద మీసం రావాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు గానీ, కార్డు మీద ‘ఫౌండర్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్’ అన్న బంగారు అక్షరాలు అప్పుడే ఒత్తుగా మొలిచేశాయి. ఆ పక్కన ఒక క్రేను బొమ్మ. ఆ క్రేను ఆయనకు లేదు. దీవిలో అలాంటిది ఎవరికుందో ఆయనకు తెలీదు కూడా.

కంపెనీ పెట్టడం ఈ రోజుల్లో పెద్ద పనేం కాదు లెండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి సర్కారు పైసా తీసుకోదు. ఆధార్, పాన్ ఉంటే మంచం దిగకుండానే చేసుకోవచ్చు. (దానికి కూడా ఎవరికో డబ్బిచ్చి చేయించుకున్న ఎండీలున్నారు. తమ వ్యాపార జీవితంలో తొలి మోసం తమకే జరిగిందని వాళ్లకింకా తెలీదు.) 2013 కంపెనీల చట్టం పుణ్యమా అని ఒక్క మనిషే కంపెనీ కావచ్చు. వాటాదారు తనే, డైరెక్టరు తనే. డైరెక్టరు ఒక్కడే అయితే బోర్డు మీటింగు కూడా అక్కర్లేదు. పోట్లాడుకోవడానికైనా రెండోవాడుండాలి కదా. కాకపోతే, ఆ ఒక్కడికీ ఏమైనా అయితే కంపెనీ ఎవరికి పోతుందో ఒక నామినీ పేరు రాయాలి. ఎండీ అయిన మన చినబాబు అక్కడ నాన్నగారి పేరు రాస్తాడు. కొడుకు తర్వాత తండ్రి. నిజానికి కొడుక్కి ముందూ తండ్రే, నడుమా తండ్రే. చెక్కు మీద సంతకం ఎవరిదో చూస్తే తెలిసిపోతుంది.

చిన్న వయసులో మొదలెట్టడమే మొనగాడితనమని యూట్యూబ్ గురువులు బోధిస్తుంటారు. ఎంత చిన్న వయసు అన్నదాని మీద చట్టానికీ కొన్ని అభిప్రాయాలున్నాయి. 1872 కాంట్రాక్టు చట్టం లెక్కన మైనరు రాసిచ్చిన ఒప్పందం చెల్లదు. మేనేజింగ్ డైరెక్టరు అనిపించుకోవాలంటే ఇరవై ఒకటి నిండాలి. 1932 భాగస్వామ్య చట్టంలోని 30వ సెక్షనుది మాత్రం అమ్మ మనసు: భాగస్వాములందరూ ఒప్పుకుంటే మైనరును కూడా సంస్థ లాభాల్లోకి చేర్చుకోవచ్చు, నష్టం వస్తే అతడి సొంత ఆస్తి జోలికి మాత్రం పోకూడదు. పిల్లల రక్షణ కోసం రాసిన సెక్షను అది. మన చినబాబుకి పద్ధెనిమిది నిండాయి, ఓటు వచ్చింది, బండి లైసెన్సు వచ్చింది, ఇరవైరెండు కూడా వచ్చింది. ఆ సెక్షను మాత్రం ఇంకా వంటిమీదే ఉంది.

గురువులు చెప్పే కథల్లో అబద్ధం లేదు. 1978లో ఏవీఎస్ రాజు మొదలెట్టిన నాగార్జున కన్‌స్ట్రక్షన్ ఇవాళ ఎన్‌సీసీ పేరుతో దేశమంతా కనిపిస్తోంది. 1989లో పీపీ రెడ్డి మునిసిపాలిటీలకు చిన్న చిన్న పైపులు చేసివ్వడంతో మొదలెట్టిన మేఘా, కాళేశ్వరం పంపుల దాకా పోయింది. అయితే గురువుగారు పైపు చూపిస్తారు, పంపు చూపిస్తారు, నడుమనున్న ముప్పయ్యేళ్లను ఒక పాటలో దాటించేస్తారు, మన సినిమా హీరో సైకిలెక్కి పల్లవి అందుకుని చరణం అయ్యేసరికి కారులోంచి దిగినట్టు. వినే కుర్రాడు పైపూ వదిలేస్తాడు, ముప్పయ్యేళ్లూ వదిలేస్తాడు. కారు పట్టుకుంటాడు. కంపెనీ పెట్టిన మూడో వారంలో ఇంటి ముందు నిలబడేది అదే, వాయిదాల మీద.

కారొచ్చాక పని రావాలి. దీవుల్లో పనులిచ్చే పెద్ద చెయ్యి సర్కారుదే: అండమాన్ పబ్లిక్ వర్క్స్, సీపీడబ్ల్యూడీ, మునిసిపాలిటీ. టెండరు కాగితం తిప్పితే అందులో ఒక వేదాంతం ఉంటుంది. గత ఏడేళ్లలో ఇటువంటివే, అంచనా విలువలో 80 శాతానికి తగ్గని పని ఒకటి, లేదా 40 శాతానికి తగ్గని పనులు మూడు పూర్తి చేసినట్టు పత్రాలు జతపరచవలెను. అంటే, పని చేసినవాడికే పని. ఇరవైరెండేళ్లవాడు గత ఏడేళ్లలో పూర్తి చేసినవేమిటి? టెన్తు, ఇంటరు, డిగ్రీలో కొంత. 40 శాతం నిబంధన ఒక్కటీ టెన్తుతో తీరింది.

ఇక్కడ బయటపడుతుంది స్వయంకృషి. నాన్నగారి లైసెన్సు, అది లేకపోతే మావయ్యగారి లైసెన్సు, ఆయనా లేకపోతే ఇంత శాతమని పుచ్చుకుని పేరు అద్దెకిచ్చే పెద్దమనిషి. ఇంట్లో గది అద్దెకివ్వాలంటే పెళ్లైందా, ఎంతమంది, మాంసం వండుతారా అని వంద ప్రశ్నలు వేస్తారు మనవాళ్లు. లైసెన్సు అద్దెకిచ్చే ఆసామి ఒక్క ప్రశ్నా వేయడు. పేరు ఒకడిది, పెట్టుబడి ఒకడిది, ఫోటో ఒకడిది. గోడ బీటలిచ్చిన రోజున ముగ్గురూ కలిసి నాలుగోవాణ్ణి వెతుకుతారు. ఆ నాలుగోవాడు మేస్త్రీ.

సర్కారు పని దక్కనివాడు ప్రైవేటు ఇళ్ల మీద పడతాడు, అంటే మీమీద. అంచనా కాగితంలో కింద జీఎస్టీ 18 శాతం అని ఉంటుంది. 2017 జూలైకి ముందు అమ్మకం పన్నే లేని దీవులివి. ఇప్పుడు ఆ లోటు ఎండీగారు శ్రద్ధగా తీరుస్తున్నారు. వసూలు చేసిన పన్ను కట్టారా అని మాత్రం అడక్కండి. ఆయన కట్టేది ఇళ్లు.

ఇక ఇసుక. చుట్టూ సముద్రం, కనుచూపు మేర ఇసుక, ఇంట్లో వేసుకోవడానికి మాత్రం చెంచాడు లేదు. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక చూసి సుప్రీంకోర్టు 2002 మే 7న, దీవుల్లో ఇసుక తవ్వకాన్ని ఏటా తగ్గించుకుంటూ అయిదేళ్లలో మూడోవంతుకి దించమంది. మంచిమాటే. తీరం పోతే ఊరు నిలవదని 2004 డిసెంబరు 26న సునామీ వచ్చాక మనకి ఎవరూ వేరే చెప్పక్కర్లేకపోయింది. కాబట్టి ఇసుక మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడెక్కి రావాలి, లేదా క్వారీ డస్టుతో సరిపెట్టుకోవాలి. రెండిటికీ ఖర్చుంది. ఖర్చులేని మూడో దారి కూడా ఒకటుంది. దానికి కావలసింది చీకటి, ఒక టిప్పరు, పోలీసుల దారి కాని దారి. కుర్ర ప్రొప్రయిటరు కాస్ట్ కటింగ్ పాఠం బాగా విన్నవాడు.

ఉప్పిసుక కాంక్రీటులో కలిస్తే అందులోని క్లోరైడు లోపలి కడ్డీని పట్టుకుంటుంది. కడ్డీ తుప్పు పడుతుంది, తుప్పు పట్టింది ఉబ్బుతుంది, ఉబ్బింది పైనున్న కాంక్రీటుని పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తుంది. ఇదంతా గృహప్రవేశం నాటికి కనిపించదు; రంగు బాగానే ఉంటుంది, వీడియో కూడా బాగానే వస్తుంది. కాంట్రాక్టరు లోపాలు సరిదిద్దే గడువు మామూలుగా ఏడాది. తుప్పుకి అంత తొందరలేదు. అది బయటికొచ్చేసరికి పాత కంపెనీ మూతపడి, అదే ఇంటి నుంచి తమ్ముడి పేరున కొత్త కంపెనీ లాంచ్ అవుతూ ఉంటుంది. తమ్ముడి వయసు పంతొమ్మిది. అన్నకంటే చిన్న వయసులో మొదలెట్టాడని ఊరంతా మెచ్చుకుంటుంది.

సముద్రపు గాలి తగిలే చోట ఇనుము వేసి కట్టే దేనికైనా కాంక్రీటు ఎం-30కి తగ్గకూడదని, కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కవరుండాలని ఐఎస్ 456 చెబుతుంది. చినబాబుకి తెలిసిన కవర్లు రెండే: ఫోనుకి తొడిగేది, బిల్లు పాసవడానికి ముందు ఇచ్చేది. కడ్డీకి కూడా కవరుంటుందని, అది సిమెంటు బిళ్లలు పెట్టి నిలపాలని ఎవరైనా చెబితే, ‘దాన్ని కూడా ఎస్టిమేట్‌లో వేద్దాం’ అంటాడు. వేస్తాడు కూడా. ఎస్టిమేట్‌లో.

పోసిన శ్లాబుని కనీసం వారం రోజులు తడపాలి. పోజొలానా సిమెంటైతే పది రోజులు. గరాచర్మలో క్యూరింగ్ శాస్త్రం వేరు. ఎండాకాలం కుళాయి రోజు విడిచి రోజు కూడా రాదు కాబట్టి తడపరు. మిగతా ఎనిమిది నెలలూ వాన కురుస్తుంది కాబట్టి తడపరు. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే దేశంలో నీళ్లు కొట్టడానికి మనిషిని పెట్టడం దండగ కాదా అని ఎండీగారి ప్రశ్న. పోస్తుండగానే కురిసిన వాన సిమెంటు పాలుని కాలవలోకి తోలుకుపోతే, అదీ క్యూరింగే.

ఇప్పుడు పిల్లరు దగ్గరికి రండి. భూకంపాల పటంలో దీవులు దశాబ్దాలుగా అన్నిటికంటే ప్రమాదకరమైన జోన్‌లోనే ఉన్నాయి. 1941 జూన్‌లో ఊగాయి, 2004లో ఊగాయి, మధ్యమధ్యన మనం నిద్రలో ఉండగా ఊగుతూనే ఉన్నాయి. ఇలాంటి చోట పిల్లరుని కాపాడేది లావు కడ్డీ కంటే దాన్ని చుట్టి పట్టుకునే రింగు. అక్కడ జరిగే సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది:

“రింగు కొక్కెం నూట ముప్పయ్యయిదు డిగ్రీలు లోపలకి వంచాల బాబూ. తొంబైకి వంచీసి వొగ్గీత్తే భూమదిరినప్పుడు ఇచ్చుకుపోద్ది.”

“డిగ్రీల సంగతి నీకెలా తెలుసు మేస్త్రీ?”

“నాకు డిగ్రీ లేదు గదా బాబూ. అందుకే తెల్సు.”

ఐఎస్ 13920 చెప్పేది సరిగ్గా మేస్త్రీ చెప్పిందే. చినబాబు ఫోను తీసి లెక్కేశాడు: ఒక్కో కొక్కేనికి ఇన్ని అంగుళాలు, పిల్లరుకి ఇన్ని రింగులు, ఇంటికి ఇన్ని కిలోలు, పైగా వంచడానికి మనిషికి అరపూట అదనం. లెక్క అతడికి బాగా వచ్చు, ఆ మాట ఒప్పుకోవాలి. రింగులు తొంబైకే వంగాయి.

మేస్త్రీ ఎవరో కూడా చెప్పాలి, ఎందుకంటే చిన్న వయసులో నిర్మాణ రంగంలో కాలు పెట్టినవాడు ఈ మొత్తం కథలో అతడొక్కడే. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో వందకి పదమూడు మంది మాతృభాష తెలుగు. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి, విశాఖ రేవులో ఓడెక్కి రెండున్నర రోజులో మూడు రోజులో కక్కుకుంటూ వచ్చినవాళ్లు. చేపలకి కొందరు, తాపీకి కొందరు. మన మేస్త్రీలాంటివాడు పదిహేనో ఏట గమేళా నెత్తిన పెట్టుకున్నాడు. పదిహేడో ఏట మాలు కలిపాడు. ఇరవైకి తాపీ పట్టాడు, ఇరవైరెండుకి నూలు గుండు వేలాడదీసి గోడ నిటారుగా ఉందో లేదో చెప్పాడు. అతణ్ణి ఎవరూ వేదిక మీదకి పిలిచి ‘మీ ప్రయాణం గురించి చెప్పండి’ అనలేదు. అతడి ప్రయాణం డెక్కు మీద జరిగింది.

చిన్నతనంలోనే మొదలెట్టినందుకు అతడికి దొరికిన బహుమానం చూడండి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం చేశారు. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి వాళ్ల సంక్షేమానికి వాడమన్నారు. అందులో పేరు నమోదుకి రెండు షరతులు పెట్టారు: వయసు పద్ధెనిమిదికీ అరవైకీ మధ్య ఉండాలి, గత పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు పని చేసి ఉండాలి. పదిహేనేళ్లకి గమేళా మోసినవాడు మూడేళ్లపాటు కాగితం మీద పుట్టనేలేదు. తర్వాత పుట్టినా, 90 రోజుల మాటకి సాక్ష్యం ఎవరివ్వాలి? చినబాబివ్వాలి. ఇస్తే అన్ని రోజులు తన దగ్గర కూలీలున్నారని ఒప్పుకున్నట్టు, సెస్సు లెక్క చెప్పాల్సినట్టు. అందుకని ‘వచ్చే వారం చూద్దాం మేస్త్రీ’ అంటాడు. ఏడేళ్ల అనుభవం కాగితం లేక టెండరు దక్కలేదని ఏడ్చినవాడే, 90 రోజుల కాగితం ఇవ్వడానికి చెయ్యి రాక తప్పించుకు తిరుగుతాడు.

ఈ దీవుల్లో అందరికీ తెలిసిన కట్టడం సెల్యులార్ జైలు. 1896లో మొదలెట్టి 1906 దాకా పదేళ్లు కట్టారు, ఖైదీల చేతనే. మన చినబాబుకి ఆ పని అప్పగించి ఉంటే ఎనిమిది నెలల్లో తాళాలిచ్చేసేవాడు. తొలి వానాకాలానికి ఖైదీలు గోడ తోసుకుని బయటికి వచ్చేసేవాళ్లు, దేశానికి స్వాతంత్ర్యం యాభయ్యేళ్లు ముందే వచ్చేది. అవకాశం లేక ఆగిపోయిన ప్రతిభ ఎంతుందో ఈ దేశంలో!

కుర్రాళ్లనే అంటావేం, పెద్దలు కట్టినవి నిలిచాయా అని మీరడగొచ్చు. అడగండి. గరాచర్మకి దగ్గర్లోనే 2023 జూలై 18న, సుమారు 710 కోట్లతో శంఖం ఆకారంలో కట్టిన విమానాశ్రయం కొత్త టెర్మినల్‌ని ప్రధాని ప్రారంభించారు. వారం తిరక్కుండా బయటి ఫాల్స్ సీలింగ్ కొంత ఊడిపడింది. కెమెరాల పని కోసం వదులు చేసి ఉంచామని, గాలి గట్టిగా కొట్టిందని సంజాయిషీ వచ్చింది. గాలి! సముద్రం పక్కన గాలి వస్తుందని ఎవరు మాత్రం ఊహిస్తారు? అది నవ్వి వదిలేయదగ్గదే. ఎవరికీ ఏమీ కాలేదు. నవ్వు రానిది 2016 మార్చి 31న కోల్‌కతా వివేకానంద రోడ్డులో జరిగింది. కడుతూ ఉన్న ఫ్లైఓవరు జనం మీద కూలి ఇరవైమందికి పైగా చనిపోతే, కాంట్రాక్టు చేస్తున్న హైదరాబాదు సంస్థ ఐవీఆర్‌సీఎల్ ప్రతినిధి ఒకాయన అది దైవ ఘటన అన్నారు. తర్వాత ఆ సంస్థ దివాలా కోర్టుకెక్కింది. చినబాబు పెద్దల దగ్గర నేర్చుకున్నదిదే: లాభం వస్తే నా దూరదృష్టి, కూలితే దేవుడి చెయ్యి. దేవుడికి లైసెన్సు లేదు, అయినా పాపం అన్ని కాంట్రాక్టుల్లోనూ ఆయనే సబ్ కాంట్రాక్టరు.

ఇప్పుడు చినబాబు చూపు దక్షిణానికి మళ్లింది. గ్రేట్ నికోబార్‌లో 72 వేల కోట్లతో రేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ అని మొదలైన మాట, నూట ముప్పై చదరపు కిలోమీటర్ల అడవి మాట, గరాచర్మ టీ దుకాణాల దాకా వచ్చింది. అక్కడికి ఇక్కణ్ణుంచి అయిదు వందల కిలోమీటర్ల పైచిలుకు. నికోబార్ వాసులు ఏమంటున్నారు, అక్కడి అడవిలో బతికే షోంపెన్లు ఏమవుతారు, గలాథియా ఒడ్డున గుడ్లుపెట్టే తాబేళ్లు ఎటు పోవాలి వంటివి అతడి బిజినెస్ ప్లాన్‌లో లేవు. ‘అంత పెద్ద పనిలో మనకో కాంపౌండ్ వాల్ దొరకదా అంకుల్?’ అన్నది ప్లాను. సునామీ తర్వాత సర్కారు దీవుల్లో కట్టించిన 9,797 శాశ్వత గృహాలకి సామాను ఓడల మీదే మోశారు. అందులో ఉండబోయేవాళ్లని ఇల్లు ఎలా ఉండాలో సరిగ్గా అడిగిన పాపాన పోలేదన్న ఫిర్యాదు ఇప్పటికీ వినిపిస్తుంది. కాంట్రాక్టర్లని మాత్రం చక్కగానే అడిగారు.

మేస్త్రీ వెనకాల రెండేళ్లు తిరిగి, కడ్డీ కోసి, శ్లాబు పోసిన రాత్రి సైటు మీదే పడుకుని, ఆ తర్వాత బోర్డు కట్టిన కుర్రాళ్లు కూడా ఇక్కడ లేకపోలేదు. ఈ రాత వాళ్ల మీద కాదు. ఇది చదివే తీరిక కూడా వాళ్లకుండదు. అప్పు పుట్టనిది వాళ్లకే, టెండరు కాగితం దగ్గర వెనక్కి పంపేదీ వాళ్లనే. లైసెన్సు అద్దెకి తీసుకునే స్తోమత లేక.

గరాచర్మలోనూ, ప్రోత్రాపూర్‌లోనూ, డాలీగంజ్‌లోనూ ఇల్లు కట్టించుకోబోయే అయ్యలకి, అమ్మలకి ఒక మనవి. కుర్రాడని కాదనకండి, కార్డు చూసి ఔననకండి. ఇసుక ఏ ఓడలో వచ్చిందో బిల్లు అడగండి. పిల్లరుకి పెట్టె బిగించే ముందు వెళ్లి రింగు కొక్కెం ఎటు వంగిందో మీ కళ్లతో చూడండి. కూలీల పేర్లు నమోదయ్యాయా అని మేస్త్రీనే అడగండి, అతడు అబద్ధమాడడు. శ్లాబు పోసే రోజున ప్రొప్రయిటరుగారు సైటు మీద కనిపించకపోతే, ఆ వాయిదా డబ్బు ఇవ్వకండి.